ఆస్ట్రేలియాలో అద్దెకిచ్చే ఇంటికి డిప్రిసియేషన్ షెడ్యూల్ తీయించుకోవడం ఎలా

ఇల్లు కొన్నాం, టెనెంట్ దిగారు, ఏజెంట్ నెలనెలా అద్దె వేస్తున్నాడు. ఇక్కడి ఆర్థిక సంవత్సరం ముగిసే జూన్ 30 దాటగానే బ్యాంకు వడ్డీ, కౌన్సిల్ రేట్లు, ఇన్సూరెన్స్, ఏజెంట్ కమీషన్ అన్నీ కూడి రిటర్న్‌లో వేసేస్తే పని అయిపోయిందనుకుంటాం. నేను నాలుగు రిటర్నులు అలాగే వేశాను, అదీ ఆన్‌లైన్‌లో రిటర్న్ వేసే మైట్యాక్స్‌లో నా అంతట నేనే. 2025 నవంబరులో ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర మా బావ "ఇంతకీ షెడ్యూల్ తీయించావా?" అని అడిగితే "ఏ షెడ్యూల్?" అన్నాను. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆపి నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ ఒక్క కాగితం టైముకి తీయించకపోవడం వల్ల దాదాపు 10 వేల డాలర్ల డిడక్షన్ మళ్లీ రాకుండా పోయింది. అప్పటి నా ట్యాక్స్ రేటు ప్రకారం చూస్తే మూడు వేల డాలర్లకు పైగా చేతిలోంచి జారిపోయినట్టే. అద్దెకివ్వడానికని ఇల్లు కొంటున్నవాళ్లకీ, ఉంటున్న ఇంటిని అద్దెకిచ్చి పెద్దింటికి మారుతున్నవాళ్లకీ అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మనవాళ్లకి ఇది వెంటనే తట్టకపోవడానికి కారణం ఉంది. ఇండియాలో ఇంటి అద్దె మీద 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ గుత్తగా ఇచ్చేస్తారు, ఇల్లు ఎప్పుడు కట్టారు, గోడలకి ఎంత అయింది, గీజర్ ఎప్పుడు కొన్నారు అని ఎవరూ అడగరు. అద్దెకిచ్చిన ఇంటికి తరుగుదల లెక్క అనే మాటే మన ఇళ్లల్లో వినిపించదు. ఇక్కడ అలా గుత్తగా ఇచ్చేది ఏమీ లేదు. ప్రతిదీ లెక్క చూపించి తీసుకోవాలి, చూపించకపోతే ఏటీవో (ఇక్కడి ట్యాక్స్ ఆఫీసు) పిలిచి ఇవ్వదు.

అసలు ఏంటిది?

మీ ఇల్లు, అందులో బిగించిన వస్తువులు ఏటేటా అరిగిపోతున్నాయి కాబట్టి ఆ అరుగుదలను అద్దె ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఏ ఏడాది ఎంత తీసుకోవాలో ఇల్లు కట్టి 40 ఏళ్లు నిండేదాకా వరసగా వేసిచ్చే పట్టికే డిప్రిసియేషన్ షెడ్యూల్. ఇది రెండు భాగాలుగా ఉంటుంది, ట్యాక్స్ చట్టంలోని భాగాల నంబర్లే వాటి పేర్లు, అవి మీ అకౌంటెంట్ నోట పదేపదే వింటారు కాబట్టి ఇప్పుడే పట్టుకోండి.

ఒకటి డివిజన్ 43, క్యాపిటల్ వర్క్స్. అంటే ఇటుక, కాంక్రీటు, రూఫ్, తలుపులు, టైల్స్, బిగించిన కిచెన్ కబోర్డులు, బాత్‌టబ్, డ్రైవ్‌వే, ఫెన్స్ లాంటివి. కట్టడానికి అయిన ఖర్చులో ఏడాదికి 2.5 శాతం చొప్పున 40 ఏళ్లు. రెండోది డివిజన్ 40, అంటే విడిగా తీసి మార్చగలిగే వస్తువులు: కార్పెట్, బ్లైండ్స్, స్ప్లిట్ ఏసీ, అవెన్, హాట్ వాటర్ సిస్టమ్. వీటిలో ప్రతిదానికీ ఇంతకాలం పనిచేస్తుందని ఏటీవో ఒక ఆయుష్షు కట్టి పెట్టింది. స్ప్లిట్ ఏసీకి 10 ఏళ్లు, కరెంటు హాట్ వాటర్ సిస్టమ్‌కి 12 ఏళ్లు, బ్లైండ్స్‌కి 10 ఏళ్లు.

ఒక లెక్క చూడండి. కట్టడానికి 3 లక్షల 20 వేల డాలర్లు అయిన ఇల్లు అనుకుందాం. దానిలో 2.5 శాతం అంటే ఏడాదికి 8 వేలు. మీ జీతం 30 శాతం శ్లాబులో ఉంటే, 2 శాతం మెడికేర్ లెవీ కూడా కలుపుకుని ఏడాదికి 2,560 డాలర్ల ట్యాక్స్ తేడా. దీనికోసం మీరు ఆ ఏడాది జేబులోంచి కొత్తగా పైసా ఖర్చు పెట్టక్కర్లేదు. వడ్డీ అయితే కడితేనే క్లెయిమ్ చేస్తాం, ఇది అలా కాదు. ఇల్లు కట్టినప్పుడే ఆ డబ్బు ఖర్చయిపోయింది, ఇప్పుడు దాన్ని కొద్దికొద్దిగా లెక్కలోకి తెచ్చుకుంటున్నాం.

1. మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోండి

షెడ్యూల్ తయారుచేసేది క్వాంటిటీ సర్వేయర్, అంటే కట్టడం ఖర్చు లెక్కకట్టే నిపుణుడు. ఆయనకి ఫోన్ చేసే ముందే ఇది తేల్చుకోవాలి. ఎందుకంటే సర్వేయర్‌కి మీరిచ్చే సమాచారాన్ని బట్టే రిపోర్ట్ ఉంటుంది, మీరు చెప్పకపోతే వాళ్లకి తెలిసే దారి లేదు.

సరికొత్త ఇల్లు, లేదా హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీ, మీరు ఒక్కరోజు కూడా ఉండకుండా నేరుగా అద్దెకిచ్చారు. ఇది అన్నిటికన్నా తేలిక. డివిజన్ 43, డివిజన్ 40 రెండూ పూర్తిగా వస్తాయి.

వేరేవాళ్లు ఉన్న ఇల్లు కొన్నారు. ఇక్కడ రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి. మొదటిది 1987 సెప్టెంబరు 15. ఇంటి కట్టడం ఆ తర్వాత మొదలైతే మిగిలిన ఏళ్లకి డివిజన్ 43 మీకు వస్తుంది. 2005లో కట్టడం పూర్తయితే 2045 దాకా లెక్క నడుస్తుంది, మధ్యలో మీరు కొన్నారు కాబట్టి కొన్న రోజు నుంచి మిగిలినది మీది. అంతకన్నా పాత ఇల్లయినా, ఆ తేదీ తర్వాత బాత్‌రూమ్ మార్చడమో వెనక ఒక గది వేయడమో జరిగితే ఆ పనికి వస్తుంది, చేయించింది పాత ఓనరయినా సరే. రెండో తేదీ 2017 మే 9, సాయంత్రం ఏడున్నర. ఆ ఏడాది బడ్జెట్ చదివిన సమయం అది. ఆ తర్వాత కాంట్రాక్ట్ రాసుకుని కొన్న ఇంట్లో అప్పటికే వాడి ఉన్న కార్పెట్, ఏసీ, అవెన్ లాంటి వస్తువులకి మనలాంటి మామూలు ఓనర్లకి డివిజన్ 40 రాదు. మీరు కొన్నాక కొత్తగా పెట్టించిన వాటికి మాత్రం వస్తుంది.

మూడోది మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువగా కనపడేది, నాదీ అదే. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో 2018లో కొత్తిల్లు కట్టించుకుని దిగాం, నాలుగేళ్లు అందులోనే ఉన్నాం, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారని ఇంకో ఇల్లు కొని దీన్ని 2022 ఫిబ్రవరిలో అద్దెకిచ్చాం. ఇలాంటి ఇంట్లో మనం వాడిన వస్తువులు కూడా పాతవాటి కిందే లెక్క. కొత్తగా కొన్నది మనమే కదా అంటే కుదరదు, మన కాపురానికి వాడాం కాబట్టి డివిజన్ 40 పోయినట్టే. డివిజన్ 43 మాత్రం అద్దెకిచ్చిన రోజు నుంచి శుభ్రంగా వస్తుంది. మనం ఉన్న నాలుగేళ్లు ఆ 40లోంచి తరిగిపోతాయి, అంతే.

ఇలా అద్దెకి మార్చేవాళ్లు షెడ్యూల్‌తో పాటు ఇంకో పని కూడా చేయండి. టెనెంట్ దిగే తేదీకి ఇంటి మార్కెట్ విలువ ఎంతో వాల్యుయేషన్ రాయించి పెట్టుకోండి. ఉంటున్న ఇంటిని మొదటిసారి అద్దెకిచ్చినప్పుడు చాలా కేసుల్లో ఆ రోజు విలువనే కొన్న ధరగా తీసుకుని క్యాపిటల్ గెయిన్స్ లెక్కేస్తారు. పదేళ్ల తర్వాత వెనక్కి వెళ్లి ఆ విలువ తేల్చడం కష్టం. అప్పటికప్పుడు చేయిస్తే ఒక్క పూటలో అయిపోతుంది.

ఇంకొక్క మాట. డివిజన్ 43 లెక్క కట్టేది మీరు కొన్న ధర మీద కాదు, అప్పట్లో కట్టడానికి అయిన ఖర్చు మీద. ఏడున్నర లక్షలు పెట్టి కొన్నాను కాబట్టి దానిలో 2.5 శాతం అని లెక్కేసుకుని సంబరపడేవాళ్లని చూశాను. అందులో స్థలం విలువే సగానికి పైగా ఉండొచ్చు, స్థలానికి డిప్రిసియేషన్ లేదు. స్టాంప్ డ్యూటీ, కన్వేయన్సర్ (ఇల్లు చేతులు మారే కాగితాల పని చూసేవాళ్లు) ఫీజు, కొనే ముందు చేయించిన బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్ కూడా ఇందులోకి రావు, అవి అమ్మేటప్పటి లెక్కలోకి వెళ్తాయి.

2. కాగితాలు ఒకచోట పెట్టుకోండి

హౌస్ అండ్ ల్యాండ్ వాళ్లకి అసలు బలం కాగితాల్లోనే ఉంటుంది. ఖర్చు ఎంతయిందో రుజువుంటే ఆ అసలు ఖర్చునే వాడాలి, తెలియనప్పుడే అంచనా. కాబట్టి బిల్డర్‌తో రాసుకున్న కాంట్రాక్ట్, మధ్యలో పెంచుకుంటూ పోయిన వేరియేషన్లు, చివరి ఇన్‌వాయిస్, సాయిల్ టెస్ట్, పర్మిట్ ఫీజులు అన్నీ తీయండి. కలర్ సెలెక్షన్‌కి వెళ్లినరోజు స్టోన్ బెంచ్‌టాప్‌కి, పౌడర్ రూమ్‌కి, ఎక్స్‌ట్రా డౌన్‌లైట్లకి పెంచిన డబ్బంతా వేరియేషన్ కాగితాల్లోనే ఉంటుంది, కాంట్రాక్ట్ మొదటి పేజీలో ఉండదు.

హ్యాండోవర్ తర్వాత మనం విడిగా చేయించిన పనులు చాలామంది మరిచిపోతారు. డ్రైవ్‌వే కాంక్రీటు, ఫెన్స్‌లో మన వాటా, బ్లైండ్స్, ఏసీ, ఫ్లై స్క్రీన్లు, క్లోత్స్‌లైన్, లెటర్ బాక్స్. నేను పాత వాట్సాప్ మెసేజీలు వెనక్కి జరుపుకుంటూ పోతే కాంక్రీటు అతను పంపిన కోట్ ఫొటో దొరికింది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అదే మొత్తం కనపడింది. ఆ రెండూ పెట్టి పంపితే సర్వేయర్ తీసుకున్నాడు. మొక్కలు, పచ్చగడ్డికి మాత్రం రాదు.

వీటితో పాటు ఇవి కూడా కావాలి: ఆక్యుపెన్సీ పర్మిట్ లేదా ఆక్యుపేషన్ సర్టిఫికెట్, ఫ్లోర్ ప్లాన్, సెటిల్‌మెంట్ అయిన (ఇల్లు మీ చేతికొచ్చిన) తేదీ, ఇల్లు మొదటిసారి అద్దెకి సిద్ధంగా ప్రకటించిన తేదీ, టైటిల్ మీద ఎవరి పేరున ఎంత వాటా ఉందో. భార్యాభర్తలిద్దరూ జాయింట్ టెనెంట్స్ (ఇక్కడ టెనెంట్ అంటే అద్దెకున్నవాళ్లు కాదు, ఓనర్లే) అయితే సగం సగం. టెనెంట్స్ ఇన్ కామన్ అయితే టైటిల్‌లో రాసిన వాటా ప్రకారమే. ఎవరి జీతం ఎక్కువుంటే వాళ్ల రిటర్న్‌లో ఎక్కువ వేసుకుందాం అంటే కుదరదు, లోన్ ఎవరు కడుతున్నా సరే.

పాత ఇల్లు కొన్నవాళ్లు విక్టోరియాలో అయితే సెక్షన్ 32 (అమ్మేవాళ్లు ఇంటి గురించి ఇచ్చే వివరాల పత్రం) మళ్లీ ఒకసారి తీసి చూడండి. కొనేముందు కన్వేయన్సర్ చదివి చెప్పారు కదా అని మనం మూసేస్తాం. గత 7 ఏళ్లలో ఆ ఇంటికి తీసుకున్న బిల్డింగ్ పర్మిట్లు అందులో ఉంటాయి, పాత ఓనర్ చేయించిన మార్పులకి అది మంచి ఆధారం. సేల్ యాడ్‌లో "కొత్తగా రెనోవేట్ చేసిన కిచెన్" అని రాసి ఉంటే ఆ పేజీ, ఫొటోలు దాచుకోండి.

3. క్వాంటిటీ సర్వేయర్‌ని పట్టుకోండి

కట్టిన ఖర్చు తెలియనప్పుడు అంచనా వేసి ఇచ్చే అర్హత ఎవరికుందో ఏటీవో టీఆర్ 97/25 అనే రూలింగ్‌లో చెప్పింది. క్వాంటిటీ సర్వేయర్ అందులో ముఖ్యుడు. రియల్ ఎస్టేట్ ఏజెంట్, వాల్యుయర్, లాయర్, మామూలు అకౌంటెంట్ ఇచ్చే అంచనా చెల్లదు, వాళ్లకి విడిగా ఆ అర్హత ఉంటే తప్ప. కాబట్టి "మా అకౌంటెంటే ఒక అంకె వేసేస్తాడు" అని ఎవరైనా అంటే వినకండి.

డబ్బు తీసుకుని ఇలాంటి షెడ్యూల్ తయారుచేసేవాళ్లు ట్యాక్స్ ప్రాక్టీషనర్స్ బోర్డులో ట్యాక్స్ ఏజెంట్‌గా రిజిస్టర్ అయి ఉండాలి. బోర్డు రిజిస్టర్ ఆన్‌లైన్‌లో అందరికీ కనపడుతుంది, పేరు కొడితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్వాంటిటీ సర్వేయర్స్‌లో సభ్యత్వం ఉందా అని కూడా అడగండి.

రేటు కొన్ని వందల డాలర్లు ఉంటుంది, నాకు 660 అయింది. ఆ ఫీజు కూడా డిడక్షనే. రెండు మూడు కోట్లు తీసుకోండి కానీ అన్నిటికన్నా తక్కువ చెప్పినవాడి దగ్గరికే పరిగెత్తకండి. నేను మొదట చేసిన పొరపాటు అదే. ఒక కంపెనీ ఆన్‌లైన్ ఫారమ్‌లో అడ్రస్, కొన్న తేదీ, కొన్న ధర మాత్రం అడిగింది. ఎవరూ ఇంటికి రాలేదు, ఫోన్ కూడా చేయలేదు. నాలుగు రోజుల్లో రంగురంగుల రిపోర్ట్ వచ్చింది. మొదటి ఏడాదే డివిజన్ 40 కింద వేలల్లో అంకె చూసి మా ఇంట్లో అందరం సంతోషించాం. అప్పటికి కొత్తగా ఒక అకౌంటెంట్ దగ్గరికి మారాను, తెలుగావిడే. ఆవిడ రిపోర్ట్ తెరిచి మొదటి నిమిషంలోనే "మీరు ఈ ఇంట్లో ఉన్నారు కదండీ, ఈ కార్పెట్, అవెన్ ఎలా వచ్చాయి ఇందులో?" అన్నారు. నేను ఉన్నానని ఆ కంపెనీ అడగలేదు, నాకు చెప్పాలని తెలియదు. రెండు వారాలు మెయిళ్లు నడిచాక సరిచేసి పంపారు. అదే ఆవిడ చూడకుండా రిటర్న్‌లో వేసి ఉంటే, తర్వాత ఏటీవో పట్టుకుంటే ట్యాక్స్, వడ్డీ, పెనాల్టీ కట్టాల్సింది నేను. రిటర్న్‌కి జవాబుదారీ మనమే, కంపెనీ కాదు.

అందుకని కోట్ అడిగేటప్పుడే ఇవి అడగండి. ట్యాక్స్ ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత? ఇంటికి వచ్చి చూస్తారా, ఫొటోల మీదే వేస్తారా? ఓనర్లిద్దరికీ వాటాల ప్రకారం విడివిడిగా ఇస్తారా? రేపు నేను ఏసీ మారిస్తే అప్‌డేట్‌కి ఎంత తీసుకుంటారు? క్లెయిమ్ చేయడానికి చెప్పుకోదగ్గంత లేకపోతే డబ్బు వెనక్కిస్తారా? ఆ చివరి ప్రశ్న పాత ఇళ్లవాళ్లకి ముఖ్యం. 1970ల్లో కట్టిన ఇల్లు, ఎవరూ ఏమీ మార్చలేదు, మీరు ఈమధ్యే కొన్నారు అంటే షెడ్యూల్‌లో ఉండేది దాదాపు ఏమీ లేదు. మంచి సర్వేయర్ అయితే ఆ మాట ముందే చెప్పేస్తాడు. వాళ్లు మిమ్మల్ని "మీరు ఎప్పుడైనా ఈ ఇంట్లో ఉన్నారా?" అని అడుగుతారో లేదో కూడా గమనించండి. అడగకపోతే మీరే మెయిల్‌లో రాతపూర్వకంగా చెప్పండి.

4. ఇంటికి వచ్చి చూసే రోజు

అన్నిటికన్నా మంచి టైము సెటిల్‌మెంట్ అయ్యాక, టెనెంట్ దిగకముందు. తాళాలు మీ దగ్గరే ఉంటాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. టెనెంట్ ఉంటే ఏజెంట్ ద్వారా నోటీసు ఇప్పించాలి, నేరుగా మీరే ఫోన్ చేసి వస్తున్నామని చెప్పకండి. రొటీన్ ఇన్‌స్పెక్షన్ రోజే సర్వేయర్‌ని కూడా పిలిస్తే టెనెంట్‌కి ఒకే రోజు ఇబ్బంది, వాళ్లింట్లో చిన్నపిల్లలుంటే ఆ తేడా చాలా ఉంటుంది.

మా ఇంటికి తర్వాత అప్‌డేట్ కోసం వచ్చినాయన గంటలోపే ముగించాడు. టేపు, లేజర్, ఫోన్ కెమెరా. గదులు కొలిచాడు, హాట్ వాటర్ యూనిట్ మీద స్టిక్కర్ ఫొటో తీశాడు, గరాజ్ డోర్ మోటార్ పైకి ఎక్కి చూశాడు. టైల్స్ దగ్గర వంగి అంచు గీకి చూసి, లాంజ్‌లో ఉన్నది అతికించిన చెక్క ఫ్లోరా, ఊరికే పరిచిన ఫ్లోటింగ్ ఫ్లోరా అని అడిగాడు. నాకది చిన్న విషయంలా అనిపించింది కానీ అతికించినదైతే డివిజన్ 43, ఫ్లోటింగ్ అయితే డివిజన్ 40. ఒకటి 2.5 శాతం, ఇంకోటి చాలా వేగంగా తరిగేది. ఫొటోలు చూసి ఇది తేల్చడం కష్టం, మనిషి వచ్చి చూడటంలో లాభం ఇదే.

అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్, జిమ్, కారిడార్ లాంటి కామన్ ప్రాపర్టీలో మీ వాటా కూడా కలపమని గుర్తు చేయండి.

పాత కిచెన్‌నో బాత్‌రూమ్‌నో పడగొట్టి కొత్తది కట్టించే ఆలోచన ఉంటే, పడగొట్టకముందే సర్వేయర్‌ని పిలవండి. ఇంటిని అద్దెకి ఇస్తున్న కాలంలో అలా తీసేసిన భాగంలో ఇంకా క్లెయిమ్ చేయని డివిజన్ 43 మిగిలి ఉంటే దాన్ని ఆ ఏడాదే ఒకేసారి రాసేసుకోవచ్చు. స్కిప్ బిన్‌లోకి వెళ్లిపోయిన కబోర్డులకి తర్వాత లెక్క కట్టడం ఎవరివల్లా కాదు.

5. రిపోర్ట్ వచ్చాక చదవండి

అలాగే అకౌంటెంట్‌కి ఫార్వర్డ్ చేయకండి. పేర్లు, వాటాలు, అడ్రస్ చూడండి. మొదలుపెట్టిన తేదీ మీరు అద్దెకి సిద్ధం చేసిన తేదీయేనా చూడండి, ఎందుకంటే మొదటి ఏడాది రోజుల లెక్కన వస్తుంది. మా ఇల్లు ఫిబ్రవరి 1న అద్దెకెళ్లింది, జూన్ 30కి 150 రోజులు, కాబట్టి ఏడాదికి 7 వేలు వచ్చేచోట ఆ ఏడాదికి 2,877 డాలర్లే. పూర్తి ఏడాది అంకె వేసి ఉంటే తప్పు.

డివిజన్ 40లో రెండు పద్ధతులు కనపడతాయి, డిమినిషింగ్ వాల్యూ, ప్రైమ్ కాస్ట్. కొత్తగా పెట్టించిన 2,400 డాలర్ల స్ప్లిట్ ఏసీని తీసుకోండి, జులై 1నే పెట్టించారనుకుందాం. మొదటి పద్ధతిలో 20 శాతం, అంటే తొలి ఏడాది 480, తర్వాత మిగిలిన దానిమీద 20 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. రెండో పద్ధతిలో ఏటా 240, పదేళ్లు. ఇప్పుడు జీతం బాగా ఉండి త్వరగా కావాలంటే మొదటిది. ప్రస్తుతం ఒకరు ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ ఉండి మరో రెండేళ్లలో ఉద్యోగంలో చేరతారంటే, వాళ్ల వాటాకి రెండోది ఆలోచించొచ్చు. ఒక వస్తువుకి ఒకసారి ఎంచుకున్నాక మార్చడం కుదరదు కాబట్టి అకౌంటెంట్‌తో మాట్లాడి తేల్చుకోండి.

చిన్న వస్తువుల్లో ఒక మంచి వెసులుబాటు ఉంది. 300 డాలర్లు, అంతకన్నా తక్కువ అయిన వస్తువు మొత్తం ఆ ఏడాదే తీసేసుకోవచ్చు. ఇది ఒక్కో ఓనర్ వాటాకి లెక్క, కాబట్టి సగం సగం వాటా ఉన్న భార్యాభర్తలు 500 డాలర్ల రేంజ్‌హుడ్ పెట్టిస్తే ఒక్కొక్కరికి 250, ఇద్దరూ అప్పుడే మొత్తం క్లెయిమ్ చేయొచ్చు. ఒకే రకం వస్తువులు సెట్‌గా కొంటే మాత్రం సెట్ మొత్తం ధర చూడాలి, విడగొట్టకూడదు. వెయ్యి డాలర్ల లోపు వాటికి లో వాల్యూ పూల్ అని ఉంది, మొదటి ఏడాది 18.75 శాతం, తర్వాత 37.5 శాతం. రిపోర్ట్ ఇద్దరికీ విడివిడిగా ఉండాలని ముందే అడగమన్నది ఇందుకే.

రిపేర్లు, డిప్రిసియేషన్ కలిపేసుకోకండి. టెనెంట్ ఉండగా పగిలిన కుళాయి మార్చితే రిపేర్, ఆ ఏడాదే మొత్తం వస్తుంది. కానీ ఇల్లు కొన్నప్పటికే ఉన్న చెడుని, అంటే పెచ్చులూడిన గోడలు, విరిగిన ఫెన్స్ లాంటివి బాగుచేయిస్తే అది రిపేర్ కింద రాదు, టెనెంట్ వచ్చాక చేయించినా సరే. అది క్యాపిటల్ వర్క్స్‌లోకి వెళ్తుంది. ఆ బిల్లులు కూడా సర్వేయర్‌కి పంపండి.

6. రిటర్న్‌లో వేయడం

రెంటల్ భాగంలో రెండు వేర్వేరు గళ్లుంటాయి, క్యాపిటల్ వర్క్స్ డిడక్షన్స్ ఒకటి, క్యాపిటల్ అలవెన్సెస్ ఒకటి. రిపోర్ట్‌లో ఆ ఏడాది వరసలో ఉన్న రెండు అంకెలు, మీ వాటా మేరకు, ఆ రెండింట్లో వేయడమే. ప్రతి ఏడాదీ కొత్త రిపోర్ట్ అక్కర్లేదు, అదే పట్టికలో తర్వాతి వరస చూసుకోవడం, మధ్యలో కొత్త వస్తువులు కొంటే వాటి బిల్లులు చేర్చుకోవడం. ఇల్లు కొన్ని నెలలు మీ చుట్టాలు ఊరికే ఉండటానికి ఇస్తే ఆ రోజులు తీసేయాలి. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి మూడు నెలలు అందులో ఉన్నా అంతే.

రిఫండ్ కోసం ఏడాది చివరిదాకా ఆగలేనివాళ్లు పేరోల్‌లో కోసే ట్యాక్స్‌ని తగ్గించమని ఏటీవోకి పీఏవైజీ విత్‌హోల్డింగ్ వేరియేషన్ పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ తేడా ప్రతి జీతంలోనే కనపడుతుంది. లోన్ ఈఎంఐకి టెన్షన్ పడుతున్నవాళ్లకి అది నిజంగా ఊపిరి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ అద్దెకిచ్చి ఇక్కడ ట్యాక్స్ రెసిడెంట్‌గా ఉంటే, ఆ అద్దె కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపించాల్సినదే. దానికీ డివిజన్ 43 వర్తించొచ్చు, కట్టడం 1990 ఆగస్టు 21 తర్వాత మొదలై ఉండాలి. బిల్డర్ అగ్రిమెంట్, కట్టిన ఖర్చు కాగితాలు ఉంటే అకౌంటెంట్‌కి చూపించండి.

పాత ఏళ్లు పోతే?

మామూలుగా వ్యక్తులు పాత రిటర్న్ సరిదిద్దుకోవడానికి నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ (రిటర్న్ చూసి ఏటీవో పంపే లెక్క) వచ్చిన దగ్గర నుంచి 2 ఏళ్లే గడువు. నేను 2025 నవంబరులో మేలుకున్నాను. 2023-24, 2024-25 రిటర్నులు సరిదిద్దించగలిగాను. అంతకుముందు ఏడాది నోటీసు 2023 అక్టోబరులో వచ్చింది, ఒక్క నెల తేడాతో గడువు దాటిపోయింది. దాంతోపాటు 2022లోని ఆ 150 రోజులూ పోయాయి. మీరు ఈ పనిని వాయిదా వేస్తున్నట్టయితే ఇప్పుడే మైగవ్ (ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతా) తెరిచి పాత నోటీసుల తేదీలు చూసుకోండి, గడువు దగ్గరపడినది ఉంటే సర్వేయర్‌కి ఆ తేదీ చెప్పి త్వరగా ఇవ్వమనండి.

అమ్మేటప్పుడు

డివిజన్ 43 కింద మీరు తీసుకున్న మొత్తాన్ని, ఇల్లు అమ్మినప్పుడు కొన్న ఖర్చులోంచి తగ్గిస్తారు, అంటే లాభం ఆ మేరకు పెరుగుతుంది. ఇది విని "అయితే ఇప్పుడు క్లెయిమ్ చేయడం ఎందుకు?" అని కొందరు ఆగిపోతారు. కావలసిన సమాచారం చేతిలో ఉండి కూడా క్లెయిమ్ చేయకపోతే, చేసినట్టే లెక్కేసి తగ్గించే వీలు చట్టంలో ఉంది. అప్పుడు రెండు వైపులా నష్టం మీదే. పైగా ఇవాళ చేతికొచ్చే డబ్బు హోమ్ లోన్‌కి జతచేసిన ఆఫ్‌సెట్ ఖాతాలో పడితే అన్నేళ్లూ వడ్డీ తగ్గిస్తుంది. ఉంటున్న ఇంటిని అద్దెకిచ్చినవాళ్లకి ఈ లెక్క ఇంకాస్త మెలికగా ఉంటుంది, అమ్మకానికి పెట్టేముందే ట్యాక్స్ ఏజెంట్‌ని కలవండి, ఇంటిముందు 'ఫర్ సేల్' బోర్డు పెట్టాక కాదు.

కాగితాలు ఇల్లు మీ దగ్గరున్నంత కాలం, అమ్మాక ఇంకో 5 ఏళ్లు దాచాలి. నేను ఇంటి అడ్రస్ పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి అందులో షెడ్యూల్, బిల్డర్ కాంట్రాక్ట్, వేరియేషన్లు, ఆ కాంక్రీటు అతని కోట్ ఫొటోతో సహా అన్నీ వేసి మా ఆవిడకి కూడా యాక్సెస్ ఇచ్చాను. ఈమధ్య టెనెంట్ కోసం కొత్త హాట్ వాటర్ యూనిట్ పెట్టించాం, ప్లంబర్ ఇంకా వ్యాన్ దగ్గరే ఉండగా ఇన్‌వాయిస్ ఫొటో ఆ ఫోల్డర్‌లోకి చేరిపోయింది.